అట్ట మీద 16, మా అబ్బాయికి 13

ప్రశ్న: నమస్కారం మేడమ్. మా అబ్బాయికి పదమూడేళ్లు నిండాయి, ఎనిమిదో తరగతి. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది కొడుకు ఇంజనీరింగ్‌లో చేరి, టీవీకి తగిలించి ఆటలాడే తన పాత ప్లేస్టేషన్ 4ను మావాడికి ఇచ్చేశాడు. దాంతోపాటు ‘అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ’ అనే ఆట డిస్క్ కూడా ఇచ్చాడు. అట్ట మీద 16 అని ఉంది. వాడేమో అమెరికాలో దీన్ని పదమూడేళ్ల పిల్లలే ఆడతారని అంటున్నాడు. మావాడు ‘ఇందులో ఎక్కువగా కొండలెక్కడం, పజిల్సే డాడీ’ అంటున్నాడు. మా ఆవిడకు తుపాకులంటే టెన్షన్. మా అమ్మది ఇంకో బాధ. వినాయకుడి దంతం కోసం దొంగలు కొట్టుకునే ఆట అని విని, దేవుణ్ని బొమ్మాట చేశారని మాట్లాడటం మానేసింది. నెల రోజులుగా డిస్క్ బీరువాలో ఉంది. ఇవ్వమంటారా, వద్దంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: బాబూ, ఈ ఆటను నేను మొదటి నుంచి చివరి దాకా చూశాను. పోయిన దీపావళి సెలవుల్లో కూకట్‌పల్లిలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నప్పుడు, దాని మనవడు నాలుగు రోజులు ఆడితే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన అలవాటు కొద్దీ నోట్‌బుక్ కూడా తెచ్చుకున్నాను. ఒక పేజీలో వాడు చేసే పనులు, ఇంకో పేజీలో తెర మీద కనిపించేవి రాసుకున్నాను. మీకు చెప్పేది ఆ నోట్‌బుక్ చూసే.

ముందు అంకెల సంగతి. మీ మేనల్లుడు అబద్ధం చెప్పలేదు. అమెరికాలో ఈఎస్‌ఆర్‌బీ అనే సంస్థ ఈ ఆటకు ‘టీ’ అక్షరం వేసింది. టీ అంటే టీన్, పదమూడు దాటినవాళ్లకు. మీ డబ్బా మీద ఉన్న 16 యూరప్‌లోని పెగీ సంస్థది. ఒకే ఆటకు మూడేళ్ల తేడా ఎందుకంటే వాళ్లు చూసేది వేరు వేరు. కనిపించే హింస నిజ జీవితంలో ఉన్నట్టే ఉంటే పెగీ 16 వేస్తుంది. బొమ్మలా కనిపించే మనుషుల్ని కొడితే, లేదా రాక్షసుల్లాంటివాళ్లతో పోరాడితే 12తో సరిపెడుతుంది. ఈఎస్‌ఆర్‌బీ ఏమో రక్తం ఎంత, బూతులు ఎన్నిసార్లు, హింస ఎంత తీవ్రంగా ఉంది అని చూస్తుంది. ఈ ఆటలో మనుషులు మనుషుల్లాగే ఉంటారు, కాలిస్తే పడిపోతారు. అందుకే యూరప్‌వాళ్లు పైకి జరిపారు. రక్తం మాత్రం తక్కువ, ఒళ్లు తెగిపడే దృశ్యాలు లేవు. అందుకే అమెరికావాళ్లు టీ దగ్గర ఆగారు. సినిమాలకైతే మనకు సెన్సార్ సర్టిఫికెట్ ఉంది. 2024 నుంచి యూఏలో కూడా 7+, 13+, 16+ అని విడదీసి ఇస్తున్నారు. ఇలాంటి ఆటల డబ్బాలకు మన దగ్గర అలాంటి బోర్డు లేదు కాబట్టి బయటి దేశాల గుర్తుల్నే మనం చదువుకోవాలి.

ఆ గుర్తులు చదవకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కొన్నేళ్ల క్రితం మా అన్నయ్య మనవరాలి పుట్టినరోజుకు ఒక ఆట కొనిచ్చాను. అట్ట మీద అడవి, పాత గుడి, విల్లు పట్టుకున్న ఒక అమ్మాయి. షాపులో కుర్రాడు ‘పిల్లలు బాగా ఆడతారు ఆంటీ’ అన్నాడు. నేను డబ్బా తిప్పి వెనకవైపు చూడలేదు, ఆ తప్పు నాదే. ఆ ఆటలో ఒక్క అడుగు తప్పు వేస్తే ఆ అమ్మాయి మెడలో కర్ర గుచ్చుకుని గిలగిలా కొట్టుకుంటుంది. తెర ఆ దృశ్యాన్ని దగ్గరగా చూపిస్తుంది. పన్నెండేళ్ల పిల్ల ఒకే చోట నాలుగుసార్లు తప్పి, అదే చావును నాలుగుసార్లు చూసింది. వారం రోజులు అమ్మమ్మ పక్కనే పడుకుంది. అప్పటి నుంచి ఏ ఆట చూసినా నేను మొదట అడిగేది గెలిస్తే ఏమవుతుందని కాదు, ఓడితే ఏం చూపిస్తారని. పిల్లలు ఆటలో ఎక్కువసార్లు చూసేది ఓటమినే కదా.

లాస్ట్ లెగసీలో ఓడితే తెర రంగు పోయి బూడిదగా మారుతుంది, కాసేపటికి ఆట మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. కొండ మీద నుంచి జారిపడితే పడటం కనిపిస్తుంది, అంతే. నా నోట్‌బుక్‌లో ఈ లైను కింద గీత గీసుకున్నాను.

ఇక మీవాడు అన్న ‘ఎక్కువగా కొండలెక్కడం, పజిల్సే’ అన్న మాట. అది సగం నిజం. కథానాయిక పేరు క్లోయీ ఫ్రేజర్, తండ్రి భారతీయుడు. పురావస్తు పనిలో ఉండి హొయసల రాజ్యం వెంట తిరిగి, ఆ పనిలోనే ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన వెతికిన గణేశుడి దంతాన్ని కూతురు వెతుక్కుంటూ పడమటి కనుమల్లోకి వెళుతుంది. తోడు నదీన్ రాస్ అనే దక్షిణాఫ్రికా అమ్మాయి, ఒకప్పుడు కిరాయి సైన్యాన్ని నడిపింది. ఇద్దరూ జీపులాంటి బండిలో బురద దారుల్లో తిరుగుతారు, జలపాతాల పక్కన శిథిలాలెక్కుతారు, తాడు విసిరి ఊగుతారు. ఒక గదిలో గొడ్డళ్లు పట్టుకున్న పెద్ద విగ్రహాలుంటాయి. పిల్లవాడు ఒక గడి నుంచి ఇంకో గడికి దూకిన ప్రతిసారీ అవి కూడా కదిలి గొడ్డలి విసురుతాయి. రెండడుగులు ముందే లెక్క వేసుకోకపోతే గొడ్డలి దెబ్బ తగులుతుంది. మావాడు అక్కడ ఇరవై నిమిషాలు ఆగిపోయాడు. నా నోట్‌బుక్ లాక్కుని గడులు గీసుకుని మరీ దాటాడు. ఇంకోచోట దీపం వెలుగులో విగ్రహాల నీడల్ని తిప్పి గోడ మీద బొమ్మతో కలపాలి. కూలిన రాళ్ల కింద చిక్కుకున్న ఏనుగును విడిపించి దాని మీద ఎక్కి వెళ్లే చోటు ఒకటుంది. ఆ కాసేపూ తుపాకీ ఊసే లేదు. వంటింట్లో ఉన్న మా చెల్లెలు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడి చూసింది.

మిగతా సగం తుపాకులే, అది దాచను. అసవ్ అనే తిరుగుబాటు నాయకుడు, అతని మనుషులు వీళ్ల వెంటపడతారు. ఎత్తుగా పెరిగిన గడ్డిలో దాక్కుని వెనక నుంచి వెళ్లి మెడ పట్టి పడేయొచ్చు. లేదంటే ఎదురుకాల్పులే. కొన్ని చోట్ల ఎవరి కంటా పడకుండా జారుకోవచ్చు కానీ, ఎవర్నీ చంపకుండా ఆట మొత్తం పూర్తి చేయడం కుదరదు. ఇద్దరమ్మాయిల్నీ కట్టేసి, నీళ్లు నిండుతున్న చోట వదిలేసి వెళ్లిపోయే సన్నివేశం ఒకటుంది. మా మనవడి కంటే నాకే ఊపిరాడలేదు. ఇంగ్లీషు బూతులు కూడా అక్కడక్కడా వినిపిస్తాయి.

ఇక్కడే నా అభిప్రాయం చెబుతాను. పిల్లలకు ఆట ఇచ్చేముందు అందరూ తెర మీద ఏముందని అడుగుతారు. నేను వాడి వేళ్లతో ఏం చేయిస్తున్నారని అడుగుతాను. సినిమాలో హీరో కాలిస్తే మీవాడు చూస్తాడు. ఆటలో మీవాడే బటన్ నొక్కుతాడు. కాబట్టి ఆ బటన్ ఎందుకు నొక్కాల్సి వచ్చింది, నొక్కాక ఆట దాన్ని ఎలా చూసింది, అది చూడాలి. లాస్ట్ లెగసీలో కాల్చేది తమను చంపడానికి వచ్చినవాళ్లనే. మామూలు జనాన్ని చంపితే వచ్చే మార్కులు లేవు, చావును దగ్గరగా చూపించి సంబరపడటం లేదు. చివరి భాగం చెప్పేస్తున్నాను, మీ అబ్బాయికి మాత్రం చెప్పకండి. దంతం చేతికొచ్చాక వీళ్లు వెళ్లిపోవచ్చు. కానీ ఒక రైల్లో బాంబు నగరం వైపు వెళుతోందని తెలిసి, దాన్ని ఆపడానికే వెళతారు. దంతాన్ని అమ్ముకోకుండా మన సాంస్కృతిక శాఖకు ఇద్దామని క్లోయీ అంటుంది. డబ్బు కోసం బయలుదేరిన మనిషి ఆ మాట దగ్గరికి ఎలా వచ్చిందో మా పదిహేనేళ్ల వాడు నాకు తనంతట తానే వివరించాడు. నేను అడగలేదు.

మీ అమ్మగారి బాధను కొట్టిపారేయకండి. ఈ ఆటలో పెద్ద పెద్ద విగ్రహాల మధ్య, గోపురాల మీద ఎక్కుతూ దూకుతూ వెళ్లాలి, కొన్ని కట్టడాలు కూలతాయి. చెప్పులు విడిచి గుడిలోకి అడుగుపెట్టే మనిషికి అది కష్టంగా ఉండటం సహజం. కానీ వెక్కిరింత నాకెక్కడా కనబడలేదు. శివుణ్ని చూడటానికి పరశురాముడు వస్తే గణపతి అడ్డుకోవడం, ఆయన విసిరిన గొడ్డలి తన తండ్రి ఇచ్చిందేనని గుర్తుపట్టి, దాన్ని వృథా చేయకుండా దంతం మీద కాచుకోవడం – ఈ కథను ఆటలో చక్కగా, గౌరవంగా చెప్పారు. ఆ ఘట్టం వచ్చినప్పుడు అమ్మగారిని పిలిచి కూర్చోబెట్టండి. ఇంగ్లీషు మాటల్ని మీ అబ్బాయే తెలుగులో చెప్పాలి. వ్యాసుడు భారతం చెబుతుంటే గంటం విరిగిపోయి, వినాయకుడు తన దంతమే విరిచి రాసిన కథ ఆవిడ వాడికి చెబుతారు. ఆ తర్వాత కూడా వద్దనిపిస్తే ఆవిడ గదిలో ఉన్నంతసేపు పెట్టవద్దని వాడికి చెప్పండి. నానమ్మ మనసుకు ఆమాత్రం విలువ ఇవ్వడం ఆ వయసుకు తెలియాల్సిందే.

మీది హనుమకొండ కాబట్టి ఇంకో మాట. ఆటలో హళేబీడు లాంటి పేర్లతో చూపించిన నగరాలు కల్పన. నిజమైన హళేబీడు కర్ణాటకలో హాసన్ జిల్లాలో ఉంది. అడవిలో పోయిన నగరం కాదు, బస్సు దిగి గుడికి వెళ్లే ఊరు. ఒకప్పటి హొయసలుల రాజధాని ద్వారసముద్రం అదే. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ సైన్యం 1310లో మీ ఓరుగల్లు కోటను లొంగదీసుకుని, మరుసటి ఏడాది వెళ్లింది అక్కడికే. బేలూరు, హళేబీడు, సోమనాథపురం గుళ్లకు 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మన రామప్పకు 2021లో వచ్చినట్టే. ఆట మధ్యలో ఓ ఆదివారం వాణ్ని వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లి, ఆ నున్నటి స్తంభాలకూ తెర మీద చూసిన చెక్కడాలకూ ఏం తేడా ఉందో అడగండి. పిల్లలు మనకంటే బాగా గమనిస్తారు.

ఇక సూటిగా: ఇవ్వండి. కానీ డిస్క్ చేతికిచ్చి వదిలేయకండి. టీవీ హాల్లోనే ఉండాలి. ప్లేస్టేషన్‌లో వాడి అసలు పుట్టిన తేదీతోనే వాడి ఖాతా తెరవండి, మీ ఖాతా కింద పిల్లల ఖాతాగా. అప్పుడు వయసు పరిమితి పెట్టుకోవచ్చు, ఈ ఆట ఆడాలంటే వాడు మిమ్మల్ని అనుమతి అడగాలి, ఈ ఒక్కదానికే మీరు ఒప్పుకోవచ్చు. రోజుకు ఎంతసేపన్నది కూడా అక్కడే పెట్టొచ్చు. పాత డిస్క్‌లో ఆన్‌లైన్‌లో పదిమందితో ఆడే విభాగం కూడా ఉంది. అది వద్దని చెప్పండి, కథ చాలు. ఆట మొదట్లో కష్టం ఎంత ఉండాలో అడుగుతుంది. అన్నిటికన్నా కింద ఉండే ‘ఎక్స్‌ప్లోరర్’ ఎంచుకుంటే కాల్పులు త్వరగా అయిపోతాయి, పజిల్స్ మాత్రం అలాగే ఉంటాయి. కథంతా కలిపి ఏడెనిమిది గంటలు. మొదటి రెండు రోజులు మీరు, మీ ఆవిడ ఇద్దరూ పక్కన కూర్చోండి. ఫోన్ చూసుకుంటూ కాదు. మొదటి గంటలోనే అన్నీ తెలిసిపోతాయి: యుద్ధంలో నలిగిన నగరం, సందులో ఒక చిన్నపిల్ల, చీకట్లో దాక్కుంటూ వెళ్లడం, మొదటి దెబ్బలాట.

అప్పుడు టీవీని కాదు, వాణ్ని చూడండి. మనుషులు పడిపోతుంటే వాడు పజిల్ ఎక్కడుందా అని వెతుకుతున్నాడా, పడిపోయినవాడి మీద కావాలని ఇంకా కాలుస్తూ నవ్వుతున్నాడా? ఆపమంటే రెండు నిమిషాల్లో ఆపుతున్నాడా, కంట్రోలర్ విసిరేస్తున్నాడా? రాత్రి నిద్ర ఎలా ఉంది? వీటిలో ఏదైనా తేడాగా ఉంటే డిస్క్ మళ్లీ బీరువాలోకి వెళుతుందని ముందే చెప్పి ఉంచండి. పదమూడుకు కుదరకపోతే పదిహేనుకు కుదురుతుంది. మనిషిని కాల్చకుండా ఇలాగే తిరిగే ఆట కావాలంటే నింటెండో వాళ్ల ‘జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్’ ఉంది, 2017లో వచ్చింది. దానికి అమెరికాలో పదేళ్లు దాటినవాళ్లకనే గుర్తు, పెగీలో 12. కాకపోతే అది ప్లేస్టేషన్‌లో రాదు, ఆ కంపెనీ కన్సోలే కావాలి.

ప్రశ్న: మా పెద్దవాడు ఇంటర్ ఫస్టియర్, పదహారేళ్లు. జీటీఏ 5 కొనమని ప్రాణం తీస్తున్నాడు. క్లాసులో అందరూ ఆడేశారట. మార్కులు బాగా వస్తున్నాయి కదా, ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. మార్కులకూ దీనికీ సంబంధం లేదు. 2013లో వచ్చిన ఈ ఆటకు అమెరికాలో ‘ఎం’, అంటే పదిహేడు దాటినవాళ్లకు. పెగీలో 18. ఇక్కడ రెండు సంస్థలూ ఇంచుమించు ఒకే మాట చెప్పాయి, వాళ్లు అలా కలిసినప్పుడు నేను వాదించను.

పై జవాబులో వేళ్లతో ఏం చేయిస్తున్నారో చూడమన్నాను కదా. ఈ ఆటలో కట్టేసి ఉన్న ఒక మనిషిని చిత్రహింస పెట్టే ఘట్టం ఉంది. అది పక్కన కూర్చుని చూసే సినిమా ముక్క కాదు. ఏ పరికరంతో హింసించాలో ఎంచుకునేది, దాన్ని ఆడించేది ఆటగాడే. తయారుచేసినవాళ్లు దాన్ని విమర్శగా పెట్టామనొచ్చు, పెద్దవాళ్లు అలా అర్థం చేసుకోనూవచ్చు. పదహారేళ్లవాడి చేతికి ఆ పని నేను ఇవ్వను. పైగా దాని ఆన్‌లైన్ విభాగంలో ముక్కూమొహం తెలియనివాళ్లతో మాటలు, అసలు డబ్బుతో ఆట డబ్బు కొనుక్కునే కార్డులు ఉన్నాయి.

మీవాడికి మాత్రం ‘ఆడితే చెడిపోతావు’ అని చెప్పకండి. ఆడిన స్నేహితులు చెడిపోలేదని వాడికి కనిపిస్తూనే ఉంది, మీ మాట మీద నమ్మకం పోతుంది. ఆ ఘట్టం గురించి నేను రాసింది వాడితోనే చదివించండి. ‘ఇది నీ చేత చేయించడం నాకు ఇష్టం లేదు, పద్దెనిమిది నిండాక నీ ఇష్టం’ అనండి. ఊరికే కాదనడం కంటే బదులు ఇంకొకటి ఇవ్వండి. జీటీఏలోలా నగరమంతా తిరిగే సరదా కావాలంటే 2018లో వచ్చిన ‘మార్వెల్స్ స్పైడర్ మ్యాన్’ ఉంది. టీ గుర్తు, పెగీ 16. వాడి వయసుకు సరిగ్గా సరిపోతుంది. అందులో కథానాయకుడు మనుషుల్ని కొడతాడు, గూడు అల్లి గోడకు అంటిస్తాడు, చంపడు.

ప్రశ్న: ఆంటీ, నాకు పద్నాలుగేళ్లు. మా అన్నకు పదిహేను. వాడికి ‘హొరైజన్ జీరో డాన్’ కొన్నారు. నేను ఆడతానంటే అమ్మ ‘ఆడపిల్లవి, ఆ కొట్లాటలు నీకెందుకు’ అంటోంది. నేను వాడు ఆడుతుంటే చూసి కథంతా నేర్చుకున్నాను. అమ్మకు ఏం చెప్పాలి?
– తెనాలి నుంచి ఒక అమ్మాయి

జవాబు: తల్లీ, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈ ఆటకు టీ గుర్తు ఉంది, పెగీలో 16. ఆ అంకె నీకు అడ్డమైతే మీ అన్నకూ అడ్డమే. వాడికి సరిపోయిందని అమ్మానాన్నలు నిర్ణయించారంటే, నీకు సరిపోతుందో లేదో కూడా అదే పద్ధతిలో చూడాలి, ఆడపిల్లవా మగపిల్లాడివా అని కాదు. అమ్మ కోసం ఇది నేను రాస్తున్నాను, నువ్వు పోట్లాడకు.

అమ్మా, మీ పాప అడుగుతున్న ఆటలో కథానాయిక అలోయ్ అనే అమ్మాయి. పుట్టగానే తెగవాళ్లు వెలివేస్తే, వెలికి గురైన రాస్ట్ అనే ఇంకో మనిషి ఆమెను పెంచుతాడు. తన తల్లి ఎవరో తెలుసుకోవాలన్నదే ఆమె తపన. ఎక్కువ పోరాటం జంతువుల్లా కనిపించే యంత్రాలతో, విల్లు బాణాలతో. యంత్రంలో ఏ భాగాన్ని ముందు కొట్టాలో ఆలోచించి మరీ కొట్టాలి. మనుషులతో పోరాటాలు కూడా ఉన్నాయి, చావులున్నాయి, ఏడిపించే చావు ఒకటి మొదట్లోనే వస్తుంది. అది మీరు ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

మొదట్లో అలోయ్ ఇంకా చిన్నపిల్ల. ఒక శిథిలంలో పడిపోయి తనంతట తాను బయటికి దారి వెతుక్కుంటుంది. యంత్రాల కంటపడకుండా గడ్డిలో ఎలా నడవాలో రాస్ట్ నేర్పుతాడు. వాటి మధ్య చిక్కుకున్న ఒక కుర్రాడిని ఆ చిన్నపిల్లే వెళ్లి కాపాడుతుంది. అక్కడి దాకా మనిషిని కొట్టే పనే లేదు. ఒక సాయంత్రం వంట అయ్యాక కూర్చుని అంతవరకు మీ పాప ఆడుతుంటే చూడండి. కంట్రోలర్ పాప చేతిలోనే ఉండాలి, అన్న చేతిలో కాదు. తర్వాత ఏమనిపించిందో నాకు రాయండి, వచ్చే నెల ఇదే పేజీలో వేస్తాను.